ఒకటి.. మూడు.. నాలుగు.. రెండు!

‘ఆదివారం పొద్దున పాత ఇనప సామాన్లవాడు వస్తాడట. ఈలోపు ఓసారి వచ్చి చూసిపోవే’... శుక్రవారం రాత్రి అత్తయ్య ఫోను. దేన్ని చూసిపోవాలో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా కుటుంబంలో ‘అది’ అంటే మావయ్య అంబాసిడరే.

1965 మోడల్, మార్క్-2. గుడివాడలో అత్తయ్యావాళ్ల పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంటుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఎనిమిదిమంది పిల్లలం అందులో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని మంగినపూడి బీచికి వెళ్లేవాళ్లం. మావయ్య పోయి రెండేళ్లయింది. బండి ఆగిపోయి మూడేళ్లు. అంటే చివరి ఏడాదంతా ఆయన స్టార్టవని బండిలోనే కూర్చుని పొద్దున్నే పేపరు చదువుకునేవారన్నమాట.

ఇందులో బావ తప్పేమీ లేదు. ఇద్దరు ఎలక్ట్రీషియన్లకు డబ్బు పోశాడు. రెండో ఆయన పాత వైరింగంతా పీకేసి కొత్తది వేశాడు. కొత్త బ్యాటరీ పెట్టించాడు. పాయింట్లు, కండెన్సరు మార్చాడు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతుంది కానీ అంటుకోదు. చివరికి ‘ఇంజిన్ పోయిందండీ’ అని తేల్చి వెళ్లిపోయాడు. షెడ్డున్న చోట బావ రెండు గదులు వేసుకోవాలనుకుంటున్నాడు. ‘ఇవాళ స్టార్టయితే ఉంచుతా. లేదంటే రేపు పంపించేస్తా. నన్ను మళ్లీ అడగొద్దు’ అన్నాడు శనివారం పొద్దున, నేనింకా చెప్పులు విప్పకముందే.

అత్తయ్య మాత్రం తన ఏర్పాట్లలో తనుంది. ముప్ఫయ్యేళ్లు ఆ బండిని చూసుకున్న మేస్త్రీ గారికి కబురంపింది. విజయవాడ ఆటోనగర్లో పని నేర్చుకుని, గుడివాడ వచ్చి సొంత షెడ్డు పెట్టుకున్న మనిషి. ఇప్పుడు డెబ్భై దాటాయి. షుగరుతో చూపు దాదాపు పోయింది. మనవడి భుజం పట్టుకుని ఆటో దిగారు. చంకలో గుడ్డసంచి. కుర్చీ వేస్తే బండి ముందు కూర్చున్నారు.

‘నాకు కనపడదమ్మాయ్. నే చెప్పింది చెయ్యి. చూసింది చెప్పు. చూసిందే చెప్పు, అనుకున్నది చెప్పకు.’

జర్నలిజం డిప్లొమాలో ఏడాదిపాటు మా మాస్టార్లు నాకు నేర్పాలని చూసిందీ ఇదే!

‘ముందు గాజులు తీసెయ్’ అన్నారు. బ్యాటరీకీ బండి బాడీకీ మధ్య లోహపు గాజు పడితే క్షణంలో ఎర్రగా కాలుతుందట. తీసి అత్తయ్యకిచ్చాను.

అన్నీ ఎర్రవే!

‘కాయిల్ మీదికి తెల్లవైరు వస్తది, పట్టుకో.’

‘తెల్లవైరు లేదండీ. అన్నీ ఎర్రవైర్లే ఉన్నాయి.’

ఆయన కాసేపు మాట్లాడలేదు.

అంబాసిడర్ మూలం ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ తరం బ్రిటిష్ కార్లలో కరెంటు సామానంతా దాదాపుగా లూకాస్ కంపెనీదే. వాళ్లు వైర్లకు రంగులు కేటాయించారు. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమరంగు. తాళం తిప్పాక కాయిల్‌కి కరెంటు తెచ్చేది తెలుపు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లేది తెలుపు మీద నల్లచార. హెడ్‌లైట్లకు నీలం. ఎర్త్‌కి నలుపు. ఆ రంగులు తెలిస్తే చాలు, బండి మొత్తం తెరిచిన పుస్తకమే. మేస్త్రీ గారు ఐదో తరగతిలో బడి మానేశారట. ఈ పుస్తకం మాత్రం కంఠతా వచ్చు. మన ఎలక్ట్రీషియన్ ఒకే ఎర్రచుట్ట కొనుక్కొచ్చి ఆ పుస్తకంలో అక్షరాలన్నీ చెరిపేశాడు.

‘పోనీలే. వైరు రంగు పోయినా అది వెళ్లే దారి పోదుగా. మొదటి నుంచి నడుద్దాం’ అన్నారు.

మొదలంటే బ్యాటరీ. ఆయన లేచి, తడుముకుంటూ వచ్చి, బ్యాటరీ మీది రెండు టెర్మినళ్లనీ వేళ్లతో పట్టి చూశారు. ఒకటి లావు, ఒకటి సన్నం. కారు బ్యాటరీల్లో లావుగా ఉండేది ప్లస్. సన్నది మైనస్. ఎవరూ తారుమారు చెయ్యకూడదనే అలా చేస్తారు. ఇంట్లో కారున్నవాళ్లు ఈసారి బోనెట్ ఎత్తినప్పుడు చూడండి.

‘సన్న టెర్మినల్ క్లాంపులో రేకుముక్క దూర్చారు, చూడు.’

చూశాను. నిజమే! బాడీకి వెళ్లే అల్లిక తీగ క్లాంపు పెద్దది. దాన్ని సన్నటి మైనస్‌కి బిగించడానికి రేకు చుట్టి ఇరికించారు. రెండోవైపు చిన్న క్లాంపుని స్క్రూడ్రైవర్‌తో విడదీసి లావు టెర్మినల్ మీదికి దించారు. ఇప్పటి కార్లన్నింటికీ బ్యాటరీ మైనస్ బాడీకి ఉంటుంది. అప్పటి చాలా బ్రిటిష్ కార్లకి ప్లస్ బాడీకి ఉండేది. మావయ్య బండీ అంతే. కొత్తగా వచ్చినాయన ‘ఎవరో తప్పు పెట్టార్రా’ అనుకుని సరిదిద్దేశాడు!

దీనివల్ల బండి ఆగిపోదు. కానీ కాయిల్ నుంచి ప్లగ్గుకి వెళ్లే కరెంటు దిశ తిరగబడుతుంది. ప్లగ్గు మధ్యకమ్మీ బాగా వేడెక్కుతుంది కాబట్టి అది మైనస్‌గా ఉంటేనే నిప్పురవ్వ సులువుగా దూకుతుంది. తిరగబడితే అదే రవ్వకి ఎక్కువ వోల్టులు కావాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మొండికేస్తుంది. హెడ్‌లైటు వేసినప్పుడు డ్యాష్‌బోర్డు మీద అమ్మీటర్ ముల్లు ‘ఖర్చు’ వైపు వెళ్లాల్సింది ‘జమ’ వైపు వెళుతుంది. మూడేళ్లుగా బండిలో ఇలాంటి తప్పుడు లెక్క నడుస్తోందని ఎవరూ చూడలేదు. క్లాంపులు విప్పి, రేకు తీసేసి, ఎప్పట్లా ప్లస్‌ని బాడీకి బిగించాను. డైనమో ఒక్కసారీ తిరగబడి ఛార్జి చెయ్యలేదు గనక దాని జోలికి పోనక్కర్లేదన్నారు.

ఇరవై వేల వోల్టులు

ఇక్కడ చిన్న పాఠం తప్పదు. ఇంజిన్లో పెట్రోలు ఆవిరి అంటుకోవాలంటే నిప్పురవ్వ కావాలి. ప్లగ్గులో ఉండే సన్నటి సందుని... దాదాపు ముప్పాతిక మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువే... రవ్వ దూకాలి. బ్యాటరీ పన్నెండు వోల్టులతో అది జరిగే పని కాదు. ఇరవై వేల దాకా కావాలి. అవెక్కణ్నుంచి వస్తాయి?

మోటారు వేసి డాబా మీది ట్యాంకుకి నీళ్లు పెడుతున్నారనుకోండి. ధార జోరుగా వస్తుండగా గేటువాల్వు ఠక్కున కట్టేస్తే పైపంతా దడేల్మని అదురుతుంది కదా! కాయిల్లో జరిగేదీ అలాంటిదే. అందులో లావుతీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుకంత తీగ వేలకొద్దీ చుట్లు ఉంటాయి. లావుతీగలో పారుతున్న కరెంటుని హఠాత్తుగా తెంపితే ఆ అదురు సన్నతీగలో వేల వోల్టులై బయటికి దూకుతుంది. తెంపే పని పాయింట్లది. మన మెకానిక్కులు ‘ప్లాటినం’ అంటారే, ఆ రెండు చిన్న మొటిమలు. వాటి పక్కన వేలెడంత డబ్బా కండెన్సరు. పాయింట్లు విడిపోయినప్పుడు వాటి మధ్యే మెరుపు పుట్టి కాలిపోకుండా ఆ తాకిడిని అది మింగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకి వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి.

పాఠం అయిపోయింది. సంచిలోంచి ఓ బల్బు తీశారు మేస్త్రీ గారు. ఎప్పటిదో ఇండికేటర్ బల్బు, దానికి అతికించిన రెండు వైర్లు. ఆయన పనిముట్లన్నింటిలోకీ గొప్పది అదేనట.

వెలగని దీపం

మూడేళ్లుగా కదలని ఇంజిన్ కదా! ప్లగ్గులు నాలుగూ విప్పి, రంధ్రాల్లో తలా చెంచా ఆయిలు పోయించారు. మనవడు ముందునుంచి హ్యాండిల్ దూర్చాడు. ‘బొటనవేలు చుట్టకు. మిగతా వేళ్ల పక్కనే పెట్టు’ అని వాణ్ని రెండుసార్లు హెచ్చరించారు. ఇంజిన్ వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.

తాళం తిప్పి, బల్బు ఒక వైరుని బాడీకి, రెండోదాన్ని కాయిల్ మీద ‘ఎస్‌డబ్ల్యూ’ అని ఉన్న చోట పెట్టాను. ఎస్‌డబ్ల్యూ అంటే స్విచ్. వెలిగింది. అంటే బ్యాటరీ నుంచి తాళం దాకా, తాళం నుంచి కాయిల్ దాకా దారి బాగుంది. తర్వాత ‘సీబీ’ దగ్గర పెట్టాను. కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే చోటు అది. మనవడు హ్యాండిల్ మెల్లగా తిప్పుతున్నాడు. పాయింట్లు మూసుకున్నప్పుడు బల్బు ఆరాలి, తెరుచుకున్నప్పుడు వెలగాలి.

‘ఏమైంది?’

‘అసలు వెలగట్లేదండీ. పాయింట్లు తెరుచుకోవట్లేదేమో...’

‘అనుకున్నది చెప్పకన్నానా? మూత తీసి చూడు.’

చూశాను. పాయింట్లు శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. కళ్లకి తెరుచుకుంటున్నాయి, దీపానికి మాత్రం మూసుకునే ఉన్నాయి! ఇదేం విడ్డూరమని నేను తల గోక్కుంటుంటే ‘సీబీ దగ్గర వైరు విప్పి, బల్బు మళ్లీ అక్కడే పెట్టు’ అన్నారు. ఈసారి వెలిగింది. కాయిల్ బాగానే ఉందన్నమాట. దొంగ ఆ వైరుకి అవతలి చివర ఉన్నాడు.

దొరికాడు కూడా. పాయింట్ల స్ప్రింగు ఓ చిన్న ఇనప గూటం మీద కూర్చుంటుంది. కండెన్సరు వైరు, కాయిల్ వైరు ఆ స్ప్రింగుకే తగలాలి. గూటానికి తగలకూడదు. అందుకే మధ్యలో టోపీలాంటి ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. కొత్త పాయింట్లు వేసినాయన వైర్ల చివర్లని బుష్ కింద పెట్టకుండా పైన పెట్టి నట్టు బిగించేశాడు. కరెంటు పాయింట్ల దాకా రాకుండా గూటంలోంచే బాడీలోకి పోతోంది. పాయింట్లు ఎంత తెరుచుకున్నా తెగేదేమీ లేదు. తెగకపోతే రవ్వ లేదు. శనగగింజంత ప్లాస్టిక్ ముక్క... దానికోసం ఒక ఇంజిన్‌ని ‘పోయింది’ అనేశారు!

మూడేళ్ల కిందట బండి మొదట దేనికి ఆగిందో మేస్త్రీ గారికీ తెలీదు. ‘కండెన్సరే అయ్యుంటది. ఒక్కటి మార్చి చూసుంటే తెలిసేది. అన్నీ ఒకేసారి మార్చారు. పాత రోగం పోయింది, కొత్తవి మూడొచ్చినయ్’ అన్నారు.

బుష్ సరిగ్గా పెట్టాను. పాయింట్ల సందు అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఆ లెక్కనే మెకానిక్కులు ‘పదిహేను థౌ’ అంటారు. ఫీలర్ గేజ్ నేను దూరిస్తే, బిగువు చూడ్డానికి దాన్ని ఆయనే లాగి చూశారు. మళ్లీ బల్బు పెట్టాం. వెలిగింది. ఆరింది. వెలిగింది. హ్యాండిల్ రెండు చుట్లకి సరిగ్గా నాలుగుసార్లు. ఓ ప్లగ్గుని ఇంజిన్‌కి ఆనించి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో వైరు పట్టుకుని సెల్ఫ్ కొట్టిస్తే చటక్, చటక్‌మని నీలం రవ్వ. అత్తయ్య పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది చూడ్డానికి.

ఎడమా? కుడా?

ప్లగ్గులు బిగించి, కార్బురేటర్‌కి సీసాతో కొత్త పెట్రోలు పెట్టి, సెల్ఫ్ కొట్టాం. ఠాప్! కార్బురేటర్లోంచి పేలుడు. మళ్లీ కొడితే సైలెన్సర్లోంచి ఇంకోటి. పెరట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. బావ గుమ్మంలోంచి ‘చెప్పానా!’ అన్నట్టు చూశాడు.

మేస్త్రీ గారు నవ్వారు. ‘బతికుందిలే. అరుస్తోందిగా!’

నాలుగు సిలిండర్లూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అనే వరసలో పేలవు. అలా పేలితే ఇంజిన్ ఊగిపోతుంది. అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఒకటంటే రేడియేటర్ పక్కది. ఏ రవ్వ ఎవరికి ఎప్పుడందాలో పంచిపెట్టేదే డిస్ట్రిబ్యూటర్. మధ్యలో తిరిగే రోటర్ వంతులవారీగా ఒక్కో వైరుకి అందిస్తుంది. మా మనవడు మూత మీద వైర్లు చదివాడు... ‘ఒకటి, మూడు, నాలుగు, రెండు. కరెక్టే తాతా!’

‘ఎటునుంచి ఎటు చదివావు?’

గడియారం ముల్లు తిరిగేవైపు చదివాడు. అందరం అలాగే చదువుతాం. వైర్లు పెట్టినాయనా అలాగే పెట్టాడు. మూత తీసి హ్యాండిల్ తిప్పితే రోటర్ ఎడమవైపుకి తిరుగుతోంది, గడియారానికి అపసవ్యంగా! ఇందులో ఓ చమత్కారముంది. ఈ వరసని తిరగేసినా ఒకటి, నాలుగు తమ చోట్లలోనే ఉంటాయి. రెండు, మూడు మాత్రం తారుమారవుతాయి. అంటే సగం ఇంజిన్ సరిగ్గా పేలుతుంటే, సగం తప్పు సమయానికి పేలుతోంది. అందుకే ఆ అరుపులు.

అసలు ఒకటో సిలిండర్ వంతు ఎప్పుడో కూడా సరిచూసుకోమన్నారు. పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి పెట్రోలు ఆవిరిని నొక్కడానికి, ఒకసారి పొగ నెట్టడానికి. రవ్వ మొదటిసారే కావాలి. పద్ధతి చాలా సులువు. ప్లగ్గు విప్పిన రంధ్రం మీద బొటనవేలు ఆనించి హ్యాండిల్ తిప్పించడమే. గాలి వేలిని నెట్టేసిందంటే అదీ వంతు. నా వేలిని నెట్టింది. రోటర్ ఒకటో వైరు వైపే చూస్తోంది. నా జీవితంలో అంత సంతోషంగా వేలు మసి చేసుకోవడం అదే మొదలు. ప్లగ్గులు పెట్టేముందు టైమింగూ అదే బల్బుతో చూశాం. ఈ బండికి గుర్తులు ఇంజిన్ అడుగున, పుల్లీ పక్కన ఉంటాయి. బండి కింద పడుకుని చూడాల్సిందే. పుల్లీ మీది గాటు పెద్దముల్లు కంటే ముందొచ్చే చిన్నముల్లు దగ్గరికి రాగానే బల్బు వెలగాలి. వెలిగేదాకా డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి తిప్పుతూ పోయారాయన. నేను కిందనుంచి ‘ఆ.. ఆ.. ఇప్పుడు!’ అని అరుస్తూ ఉన్నాను.

అన్నట్టు, డిస్ట్రిబ్యూటర్ అని నేనంటున్నాను గానీ ఆ పొద్దంతా మేస్త్రీ గారు ఆ మాటే వాడలేదు. ఆయనకది ‘డెల్కో’. మన గ్యారేజీలన్నింట్లో వినపడే ఈ పేరు అమెరికాలోని డేటన్ నుంచి వచ్చింది. 1909లో ఛార్లెస్ కెట్టరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ అక్కడ పెట్టిన డేటన్ ఇంజినీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ ఇంగ్లిషు పొడి అక్షరాలే డెల్కో. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో రవ్వ పుట్టించే పద్ధతిని కార్లకు కుదిర్చింది కెట్టరింగే. 1912 క్యాడిలాక్‌కి సెల్ఫ్ స్టార్టర్ పెట్టిందీ ఆయన కంపెనీయే. డేటన్ ఎక్కడ, లూకాస్ ఉన్న బర్మింగ్‌హామ్ ఎక్కడ, గుడివాడ ఎక్కడ!

మధ్యాహ్నం మూడింటికి సెల్ఫ్ కొట్టాం. రెండు చుట్లు తిరిగింది, దగ్గింది, అంటుకుంది. మొదట తెల్లపొగ... పోసిన ఆయిలది. ఆ తర్వాత సర్దుకుని ఆ పాత గురగుర. మేస్త్రీ గారు డెల్కో మీద అరచెయ్యి పెట్టి, తల ఓ పక్కకి వంచి, ఇటు కాస్త, అటు కాస్త తిప్పి ఆపేశారు. అత్తయ్య ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి వెనకసీట్లో కూర్చుంది. సీసాలో పెట్రోలు అయిపోయేదాకా దిగలేదు.

ఇంజిన్ ఆగింది. మేం సంబరంలో ఉన్నాం. ‘తాళం తియ్యండెహె, కాయిల్ కాలుద్ది!’ అని కేకేశారు మేస్త్రీ గారు. ఇంజిన్ ఆగి పాయింట్లు మూసుకుని ఉంటే కరెంటు పారుతూనే ఉండి కాయిల్ వేడెక్కిపోతుందట.

సాయంత్రం టీ తాగుతూ బావ కొత్త ప్రశ్న వేశాడు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే ఈ గొడవే ఉండదుగా? నిజమే. సందు చూసుకోనక్కర్లేదు, అరుగుదల లేదు. రోజూ తిరిగే బండైతే నేనూ అదే పెట్టించమంటాను. కాకపోతే ప్లస్ ఎర్త్ బండికి దానికి తగ్గది వెతికి తేవాలి. పొరపాటున మామూలుది పెడితే కాలిపోతుంది. ఇంకో సంగతీ ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభయ్యేళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. డెల్కోలో ఓ పరికరం మారిస్తే అది పెద్ద మార్పవుతుందా అంటే కాకపోవచ్చు. అయినా ఈ బండికి పాయింట్లే ఉండాలని నా ఓటు. మేస్త్రీ గారు మాత్రం ‘ఏదైనా పెట్టుకోండి. దారిలో ఆగితే ప్లాటినాన్ని అగ్గిపెట్టె గరుకుతో గీకి ఇంటికొస్తారు. రెండోదాన్ని గీకలేరు’ అన్నారు.

రోడ్డెక్కాలంటే ఇంకా బ్రేకులు చెయ్యాలి, టైర్లు మార్చాలి, ట్యాంకు కడగాలి. నేను చీకటిపడేదాకా కూర్చుని ఒక్కో ఎర్రవైరుకీ రెండు చివర్లా కాగితపు టేపు చుట్టి పేర్లు రాశాను. మేస్త్రీ గారు రంగు చెబుతుంటే ‘ఇది తెలుపు’, ‘ఇది తెలుపు-నలుపు’ అని. ఎర్రవైరు మీద ‘తెలుపు’ అని రాస్తుంటే మనవడికి ఒకటే నవ్వు.

ఆదివారం పొద్దున ఇనప సామాన్లవాడు వచ్చాడట. బావ అతనికి పాత నీళ్ల డ్రమ్ము, విరిగిన మడతమంచం తూకమేయించి ఇచ్చాడట. ‘మరి ఇదెప్పుడండీ?’ అని షెడ్డువైపు చూపిస్తే ‘చెప్తాలే’ అన్నాడట. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పింది అత్తయ్య.